వహాకాలో చేతి టోర్టియా కోసం నాలుగు రోజులు

జొన్నరొట్టె కొట్టే చప్పుడు వింటూ పెరిగినవాణ్ని. మెక్సికోలో టోర్టియా అనే మొక్కజొన్న రొట్టె ఇంకా చేత్తోనే చేసే ఇళ్లున్నాయని విన్నప్పటి నుంచీ చూడాలని కోరిక. డాలస్ నుంచి ఇద్దరం బయల్దేరాం. అమెరికా వీసా ఉంటే మనకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. మెక్సికో సిటీ నుంచి దక్షిణాన ఉన్న వహాకా నగరానికి బస్సులో దాదాపు 7 గంటలు. సీట్లు సుఖంగా ఉన్నాయి, ఏసీ మాత్రం గడ్డకట్టించింది. శాలువా తప్పనిసరి.

నగరంలో మొదటిరోజు ఒక వంట క్లాసుకు డబ్బు కట్టి బాధపడ్డాం. ప్యాకెట్ పిండిలో నీళ్లు కలిపించి, ప్రెస్సులో నొక్కించి పంపేశారు. టోర్టియా అసలు పని ముందురోజు రాత్రి మొదలవుతుంది. ఆ రాత్రే అక్కడ లేదు.

అది చూడాలంటే ఊళ్లో ఉండాల్సిందే. తెయోతిత్లాన్ దెల్ వాయే అనే నేతకారుల ఊళ్లో, సపోటెక్ అనే స్థానిక తెగకు చెందిన ఒక కుటుంబం ఇంట్లో రెండు రాత్రులు గది తీసుకున్నాం. గది చిన్నది, వేడినీళ్లు అడిగితేనే వస్తాయి, ఇంగ్లీషు ఎవరికీ రాదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాను.

రాత్రి ఆ ఇంటి పెద్దావిడ ఎండు మొక్కజొన్నలను సున్నం కలిపిన నీళ్లలో ఉడకబెట్టింది. గింజను వేళ్ల మధ్య రుద్దితే తొక్క ఊడిరావాలి, అదే గుర్తు. పొయ్యి మీంచి దించి తెల్లారేదాకా నాననిచ్చింది. ఇలా చేసిన గింజల్ని నిష్తమాల్ అంటారు. సున్నం వల్ల ముద్ద విడిపోకుండా కలిసి సాగుతుంది, గింజలో బిగుసుకున్న నియాసిన్ అనే బి విటమిన్ కూడా ఒంటికి పడుతుంది. మొక్కజొన్న యూరప్‌కు వెళ్లింది, ఈ పద్ధతి వెళ్లలేదు. అందుకే ఆ గింజ మీదే బతికిన అక్కడి పేదలను నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు పీడించింది. ఒక పిడికెడు సున్నం విలువ ఇంత!

పొద్దున్నే గింజల్ని కడిగి మెతాతే మీద రుబ్బింది. అది మన సన్నికల్లు లాంటిదే, మూడు కాళ్ల మీద ముందుకు వాలి ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని ఒంటి బరువంతా వేసి నూరాలి. కాసేపు నూరేసరికే నా భుజాలు పట్టేశాయి. చాలా ఇళ్లవాళ్లు ఇప్పుడు ఊరి మిల్లులో పట్టించి, చివర్లో మాత్రం రాతి మీద మెత్తగా చేసుకుంటారట. ఆవిడ ముద్దను రెండరచేతుల మధ్య తట్టి పల్చన చేసి మట్టిపెనం మీద వేసింది. అంటుకోకుండా పెనానికి ముందే సున్నపు నీళ్లు పూసింది. రెండోసారి తిప్పగానే పూరీలా పొంగింది.

ఆదివారమైతే దగ్గర్లోని త్లకొలూలా సంతకు తప్పక వెళ్లండి. షేర్ టాక్సీ దొరుకుతుంది. గుడ్డ కప్పిన బుట్టల్లో వేడి టోర్టియాలు అమ్ముతారు. శాకాహారులు త్లయూదా (పైన బీన్స్, చీజ్ వేసే పెద్ద టోర్టియా) చెప్పేటప్పుడు ‘సిన్ ఆసియెంతో’, అంటే ఆసియెంతో లేకుండా, అనడం మరవొద్దు. ఆసియెంతో అంటే పంది కొవ్వు. బీన్స్ కూడా ఆ కొవ్వుతో వండుతారేమో అడగండి.

వచ్చేటప్పుడు ఆవిడ గుడ్డలో చుట్టిచ్చిన టోర్టియాలు, బస్సు మెక్సికో సిటీ చేరేలోపే ఉప్పు చల్లుకుని తినేశాం.