కివా రివ్యూ: ఫొటో చూసి కాదు, వడ్డీ చూసి అప్పివ్వండి

విదేశాలకి అమెరికా ప్రభుత్వ సాయం పంపే యూఎస్‌ఏఐడీ 2025 జులై 1తో మూతపడ్డాక మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే అడుగుతున్నారు, కాంగోలోనో లెబనాన్‌లోనో ఆడవాళ్ళకి మనంతట మనం ఏదైనా పంపే దారుందా అని. నేను కొన్నేళ్ళుగా కివా వాడుతున్నా, వేరే దేశాల్లో చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళకి మనం ఆన్‌లైన్‌లో అప్పిచ్చే సైట్ అది, అందుకే ఈ రివ్యూ. ఐదుకి మూడున్నర స్టార్లు ఇస్తా.

ముందు ఒకటి తెలుసుకోండి, ఇది విరాళం కాదు, అప్పు. 2005లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. 25 డాలర్ల నుంచి ఇవ్వొచ్చు, మనకి పైసా వడ్డీ రాదు, అసలు మాత్రం కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది. వచ్చింది ఇంకొకరికి తిప్పుకోవచ్చు, వద్దనుకుంటే వెనక్కి తీసేసుకోవచ్చు. నూటికి 96 దాకా వసూలవుతాయని వాళ్ళ లెక్క. అప్పు తీసుకునేవాళ్ళలో పది మందికి ఎనిమిది మంది ఆడవాళ్ళే.

సైట్ వాడటం చాలా ఈజీ. కాంగో గ్రూప్ లోన్ ఒకటి తెరవండి, ఒకే ఫొటోలో ఓ పదిహేను మంది ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు, అందులో ఒకావిడ చెయ్యెత్తి ఉంటుంది, ఆ పేజీ ఆవిడ కథే అన్నమాట. ఎండు చేపలో పామాయిలో పాత బట్టలో అమ్ముతుంటుంది, ఈ డబ్బుతో ఇంకో రెండు మూటల సరుకు ఎక్కువ కొంటానంటుంది. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. మన డ్వాక్రా గ్రూపులు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు కదా. 25 డాలర్లు ఏడాది అప్పుకి వేస్తే నెలకి 2 డాలర్ల 8 సెంట్లు వచ్చిపడుతుంటుంది, ఆ మెయిల్ చూస్తే అదో తుత్తి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ చాలామంది ఫొటో చూసి బటన్ నొక్కేస్తారు, పేజీ కిందకి వెళ్ళరు. అసలు సంగతి అంతా కిందే ఉంది. మన డబ్బు ఆవిడ చేతికి నేరుగా వెళ్ళదండీ, చాలా లోన్లలో అక్కడి లోకల్ మైక్రోఫైనాన్స్ సంస్థ, అంటే పేదవాళ్ళకి చిన్న అప్పులిచ్చే సంస్థ, ఆవిడకి అప్పటికే డబ్బు ఇచ్చేసి ఉంటుంది, మనం వేసేది ఆ సంస్థకి తిరిగి భర్తీ అవుతుంది అంతే. 2009లోనే దీని మీద పెద్ద చర్చ నడిచింది. మనకి సున్నా వడ్డీ సరే, ఆవిడకి సున్నా కాదు. ఏడాదికి 30, 40 శాతం పడే చోట్లు ఉన్నాయి. మన ఊరి లెక్కలో నూటికి మూడు రూపాయల వడ్డీ! రోడ్లు సరిగ్గా లేని చోట, కాల్పులు జరిగే చోట చిన్న చిన్న అప్పులు తిరిగి వసూలు చేయడానికి ఖర్చవుతుంది, కాదనను, ఊళ్ళో వడ్డీ వ్యాపారి కంటే నయం కూడా. కానీ పావలా వడ్డీ చూసిన రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళం, 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల ఆగడాలు చూసినవాళ్ళం, వారం వారం కిస్తీల కోసం ఇంటి ముందు కూర్చోవడాలు, ఆత్మహత్యలు, ఆఖరికి ఆ అక్టోబర్లో ఆర్డినెన్స్ తెచ్చి వారం వసూళ్ళు ఆపాల్సొచ్చింది. మనమే చూడకపోతే ఇంకెవరు చూస్తారు? పైగా కివా ఈ పార్ట్‌నర్ సంస్థల దగ్గర ఫీజులు కూడా తీసుకోవడం మొదలెట్టింది, అప్పు తీసుకున్నవాళ్ళ మీద పడే ఖర్చు వివరాలు సైట్‌లో వెనక్కి నెట్టేశారని 2021లో పాత లెండర్లు కొందరు కొత్త అప్పులు ఆపేసి సమ్మె కూడా చేశారు.

నాకు బాగా నచ్చింది లెబనాన్ వైపు. అక్కడ అల్ మజ్మువా అనే సంస్థ సిరియా శరణార్థులకి కూడా అప్పులిస్తుంది. వీళ్ళు ఎప్పుడు వెళ్ళిపోతారో అని బ్యాంకులు దగ్గరికి రానివ్వవు, కానీ కివా లెక్కల్లో శరణార్థులు తిరిగి కట్టడం మిగతావాళ్ళకి దాదాపు సమానంగానే ఉంది. రిస్క్ లేదని కాదు. 2019 దాకా డాలర్‌కి 1,500 దగ్గర ఉన్న లెబనాన్ పౌండ్ 2023కి 90 వేల దగ్గరికి పడిపోయింది. ఇలా కరెన్సీ కుప్పకూలితే 10 శాతం దాటిన నష్టం లెండర్ మీద కూడా పడొచ్చని లోన్ పేజీలోనే రాసి ఉంటుంది, చదవండి.

స్టార్లు ఎక్కడ తగ్గించానంటే, ఇది వ్యాపారం ఉన్న మనిషికే పనికొస్తుంది. కొట్టేవాడి మీద కేసు వేయాలనుకునే ఆడమనిషికి లాయర్ కావాలి, కుర్రాళ్ళకి ట్రైనింగ్ కావాలి, ఊళ్ళో జరిగే అన్యాయం బయటపెట్టే చిన్న రేడియోకి జీతాలు కావాలి, వీటికి అప్పిస్తే ఏం అమ్మి తీరుస్తారు? ఇవన్నీ ఇన్నాళ్ళూ ప్రభుత్వాల గ్రాంట్లతో నడిచాయి, ఇప్పుడు దెబ్బ ఎక్కువ పడింది కూడా వాటికే. ఆ లోటు కివా పూడ్చదు, పూడుస్తుందని అనుకుని వెళ్ళకండి. తిరిగి రాకపోయినా పర్లేదు అనుకుంటే విమెన్ ఫర్ విమెన్ ఇంటర్నేషనల్ చూడండి, 1993 నుంచి ఉంది, కాంగో, దక్షిణ సూడాన్, ఆఫ్ఘనిస్తాన్ లాంటి చోట్ల ఆడవాళ్ళకి ఏడాది పాటు పనీ హక్కులూ నేర్పిస్తారు, చేతి ఖర్చులకి కొంత డబ్బు కూడా ఇస్తారు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. అప్పిచ్చిన 25 డాలర్లకి టాక్స్ మినహాయింపు రాదు, తిరిగొచ్చే డబ్బు కాబట్టి. పేమెంట్ పేజీలో కివా ఖర్చుల కోసం విడిగా ఇచ్చే డొనేషన్‌కి మాత్రం వస్తుంది, ఆ అంకె మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు, సున్నా పెట్టినా అప్పు వెళ్తుంది.