పోలీసుల్లో ఫ్రీమేసన్లు: పేరు చెప్పించాలా, సంఘాన్నే నిషేధించాలా?

ఫ్రీమేసన్లంటే రహస్య ఆచారాలున్న ఒక సోదర సంఘం సభ్యులు. పోలీసుల్లో, అధికారుల్లో ఉన్న మేసన్లు ఒకరినొకరు కాపాడుకుంటారన్న అనుమానం ఉంది. ఈ అనుమానానికి బ్రిటన్ వెతికిన దారి వేరు, ఇటలీ దారి వేరు.

వెల్లడి (బ్రిటన్): 1987లో లండన్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ డేనియల్ మోర్గాన్‌ను పబ్ కార్ పార్కులో గొడ్డలితో చంపారు. ఎవరికీ శిక్ష పడలేదు. మేసన్ల బంధాలే కేసును ముంచాయన్న ఆధారం 2021 నాటి స్వతంత్ర ప్యానెల్‌కు కనబడలేదు. అయినా పోలీసులు సభ్యత్వం చెప్పి తీరాలంది. నాకు ఇది సబబే అనిపిస్తుంది. మోర్గాన్ కుటుంబం దశాబ్దాలు అనుమానంతోనే బతికింది మరి.

నిషేధం (ఇటలీ): 1981లో పీ2 అనే రహస్య మేసన్ లాడ్జి (శాఖ) నాయకుడు లిచియో జెల్లి దగ్గర దాని సభ్యుల జాబితా దొరికింది. 962 పేర్లు, గూఢచారి సంస్థల అధిపతులతో సహా! 1982లో చట్టం చేసి లాడ్జిని రద్దు చేశారు.

శ్రమ: వెల్లడికి ఒక రిజిస్టర్ చాలు. నిషేధానికి చట్టం, సోదాలు, సాక్ష్యాలు కావాలి.

రిస్క్: వెల్లడిలో అబద్ధం చెప్పేవాడు తప్పించుకుంటాడు. పైగా మేసన్లనే వేలెత్తి చూపితే వివక్ష. ఇటలీలోని ఒక ప్రాంతం పెట్టిన అలాంటి నియమాన్ని 2007లో యూరప్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టింది. ఆ తర్వాత 2009లో బ్రిటన్ కూడా జడ్జీల వెల్లడి నియమాన్ని వదిలేసింది. అందుకే నియమం ఇలాంటి సంఘాలన్నిటికీ వర్తించాలి.

ఉన్నది అనుమానమే అయితే వెల్లడి. ప్రభుత్వ యంత్రాంగంలో కుట్రకు కాగితాలే దొరికితే నిషేధం.