ఎన్ని జన్మలెత్తినా రాక్షసుడినే అవుతానన్న అన్న కథ

జపాన్ అనిమే (యానిమేషన్) సిరీస్ ‘డీమన్ స్లేయర్’లోని ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ భాగం 2022 ఫిబ్రవరి 13న ప్రసారమైన పదకొండో ఎపిసోడ్‌తో ముగిసింది. అసలు పోరాటం పదో ఎపిసోడ్‌లోనే తేలిపోగా, చివరి ఎపిసోడ్‌లో ఎక్కువ భాగాన్ని గ్యూతారో, డాకీ అనే అన్నాచెల్లెళ్లైన ఇద్దరు రాక్షసుల చావుకే కేటాయించడం యుఫోటేబుల్ స్టూడియో చేసిన గొప్ప పని.

తెగిపడిన తలలు రెండూ ఓటమి నీవల్లనంటే నీవల్లనని తిట్టుకుంటాయి. చెల్లెలు పుట్టకుండా ఉంటే బాగుండేదని గ్యూతారో అనబోతుండగా, రాక్షసులను వేటాడే కథానాయకుడు తాంజిరో అతని నోరు మూస్తాడు. మిమ్మల్ని ఎవరూ క్షమించరు, మీరు చంపినవారంతా మిమ్మల్ని ద్వేషిస్తారు, అందుకే మీరిద్దరైనా ఒకరినొకరు నిందించుకోవద్దని చెబుతాడు. జాలిపడినంత మాత్రాన నేరం తగ్గించి చూడనవసరం లేదని ఇంత సూటిగా చెప్పిన సన్నివేశం నేను అనిమేలో అరుదుగా చూశాను.

తరువాత చూపే వారి గతమంతా వేశ్యావాటిక యోషివారాలోని అట్టడుగు వాడలో జరుగుతుంది. పదమూడేళ్ల ఉమే (రాక్షసి కాకముందు డాకీ పేరు) ఒక సమురాయ్ కన్ను పొడిచినందుకు ఆమెను కట్టేసి సజీవంగా కాల్చేస్తారు. కాలిన చెల్లెలిని ఎత్తుకుని మంచులో నడుస్తున్న గ్యూతారోకు సాయపడే మనిషి ఒక్కరూ ఎదురుపడరు, ఎదురుపడిన దోమా అనే రాక్షసుడు ఇచ్చేది మనుషులను రాక్షసులుగా మార్చే రక్తం. ఎన్నిసార్లు పుట్టినా తాను రాక్షసుడినే అవుతానని, అందుకు పశ్చాత్తాపం లేదని గ్యూతారో అంటాడు. ఇతరులు లాక్కోకముందే మనమే లాక్కోవాలని తాను నేర్పకపోయి ఉంటే చెల్లెలు ఆ కన్ను పొడిచేది కాదేమో, మరోలా బతికేదేమో అన్నదే అతని ఏకైక బాధ. బతకడానికి నేర్పిన పాఠమే చెల్లెలిని చెరిపిందని గ్రహించిన అన్న, చీకటిలోకి తానొక్కడే పోతూ ఆమెను వెలుగు వైపు వెళ్లమంటాడు, ఆమె వినదు. డాకీ అహంకారాన్నీ, ఉమే పసి ఏడుపునూ ఒకే గొంతుతో పలికించిన సవాషిరో మియుకి నటనకు ఇక్కడ చేతులెత్తి మొక్కాలి.

లోపం ఒకటుంది. ఈ జంట 22 మంది హషిరాలను (రాక్షస సంహారకుల్లో అగ్రశ్రేణి యోధులను) పొట్టనబెట్టుకుంది. వారిలో ఒక్కరి ముఖమైనా ఈ ఎపిసోడ్‌లో కనిపించదు, తాంజిరో మాటల్లో తప్ప హతులకు చోటు లేదు. కనుక డాకీ వీధిని చీల్చి సామాన్యులను బలిగొన్న ఘట్టాన్ని మరోసారి చూసి, ఆ కోపం చల్లారకముందే ఈ ఎపిసోడ్ పెట్టుకొమ్మని నా సలహా.