కిలోలూ పౌండ్లూ చూపే చేతికాటా: ఆరు నెలల వాడకం తరువాత

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక దుకాణంలో ఆరు వందల రూపాయలకు ఈ చేతికాటాను కొని ఆరు నెలలైంది. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఇక్కడి నుంచి తెలిసినవారు ఎవరు బయలుదేరినా సకినాలు, మామిడికాయ తొక్కు, మన చపాటా మిరప కారం కట్టి పంపుతుంటాము కనుక, రెండు లెక్కల్లోనూ తూకం చూపే కాటా ఇంట్లో తప్పనిసరి అయింది.

కొన్న మరునాడే దీన్ని మా వీధి కిరాణా దుకాణానికి తీసుకువెళ్లి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఇనుప రాళ్లను సంచిలో వేసి తూచి చూశాను. 5 కిలోలకు 11.02 పౌండ్లు, 10 కిలోలకు 22.05 పౌండ్లు చూపింది. 1959లో అమెరికా, బ్రిటన్ తదితర దేశాలు ఒక పౌండు అంటే సరిగ్గా 0.45359237 కిలో అని ఒప్పుకున్నాయి. ఆ లెక్కతో చూస్తే కాటా మార్పిడి నిక్కచ్చిగా ఉంది.

కానీ కాటా వచ్చిన పెట్టె మీద అచ్చువేసిన పట్టికను మాత్రం నమ్మకండి. అందులో పౌండును 450 గ్రాములుగా తీసుకున్నారు. ఆ లెక్కన విమానం సామానుకు తరచుగా ఉండే 50 పౌండ్ల హద్దు 22.5 కిలోలవుతుంది, అసలు విలువ 22.68 కిలోలు. అంటే 180 గ్రాముల సకినాలు ఊరికే ఇంట్లో మిగిలిపోతాయి. చాలామంది నోటిలెక్కగా 2.2తో భాగిస్తారు. అప్పుడు 22.73 కిలోలు వస్తుంది, దాదాపు 50 గ్రాములు హద్దు దాటుతుంది. విమానం టికెట్ మీద తరచుగా 23 కిలోలు, 50 పౌండ్లు అని పక్కపక్కనే రాస్తారు కాని అవి సమానం కావు. 23 కిలోలంటే 50.7 పౌండ్లు. మొదటిసారి కిలోల్లో సరిచూసుకుని నిశ్చింతగా ఉన్న మాకు, మధ్యలో విమానం మారే చోట పౌండ్లలో తూచి పెట్టె విప్పించారని తెలిసి మనసు చివుక్కుమంది. అప్పటి నుంచి పౌండ్ల గుర్తు పెట్టుకుని 49.5 దగ్గరే ఆపుతున్నాము.

ఔన్సుల లెక్క కూడా ఇందులో ఉంది. పౌండుకు 16 చొప్పున ఔన్సుకు 28.35 గ్రాములు పడుతుంది. బంగారం ధరల్లో వినిపించే ఔన్సు వేరు, అది 31.1 గ్రాములు, కాబట్టి నగల తూకానికి ఈ కాటాను వాడకూడదు. మన దగ్గర తులమంటే 10 గ్రాములనే వాడుక స్థిరపడింది కాని పాత తులం 11.66 గ్రాములు, ఆ గుర్తు ఇందులో లేనేలేదు.

కొక్కెం గట్టిది, పట్టీ చేతిని కోయదు. లోపమల్లా మీటలోనే ఉంది: కాటా వెలిగించడానికీ లెక్క మార్చడానికీ ఒకే మీట పెట్టారు, తెర మీద గుర్తు ఆవగింజంత ఉంటుంది. చత్వారం ఉన్న మా ఆవిడ ఒకసారి 40 పౌండ్లను 40 కిలోలనుకుని సగం సామాను తీసేసింది. రెండు మీటలున్న రకం దొరికితే వంద రూపాయలు ఎక్కువైనా దాన్నే కొనండి.