సబ్సిడీ డ్రిప్పు: ఏడేళ్ల గడువు దాటాక అనంతపురం చేలలో ఎలా ఉంది

సూక్ష్మ నీటిపారుదల పథకం కింద ఇచ్చే డ్రిప్పు సెట్టు తీసుకోవాలా వద్దా అంటే, తీసుకోండి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప అనుకునే జిల్లాలో, వందల అడుగుల లోతు బోరు మీద బతికే తోటకు ఇంతకంటే మేలు చేసిన ప్రభుత్వ పథకం ఇంకోటి లేదు. 2003లో ఏపీఎంఐపీ, అంటే ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ నీటిపారుదల పథకం, మొదలైంది. గార్లదిన్నె, నార్పల వైపు చీనీ (బత్తాయి) తోటలు, పుట్లూరు వైపు అరటి, కళ్యాణదుర్గం వైపు టమాటా నిలబడ్డాయంటే అందులో ఈ నల్ల పైపు పాలు పెద్దది. అయితే ఒకసారి తీసుకుంటే ఏడేళ్ల దాకా మళ్లీ సబ్సిడీ రాదు, ఆ సెట్టు ఎన్నేళ్లు పనిచేస్తుందనేది పైపుల నాణ్యత మీద కంటే రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, సంతకం పెట్టకముందు చూసుకునే ఎస్టిమేట్ కాగితం. రెండు, ఫిల్టరు. మొదటిదాన్ని చాలామంది చదవరు, రెండోదాన్ని చాలామంది విప్పరు.

ముందు 90 శాతం లెక్క. కేంద్రం పీఎం కృషి సించాయీ యోజన కింద సన్న చిన్నకారు రైతులకు 55 శాతం, మిగతావారికి 45 శాతం నిర్ణయించింది. రాష్ట్రం పైన కలిపి ఐదెకరాల లోపు వారికి దాన్ని 90 శాతం చేస్తోంది. ఎస్సీ, ఎస్టీ సన్న చిన్నకారు రైతులకు పూర్తి సబ్సిడీ. ఈ 90 శాతం మీ బిల్లు మీద కాదు, ప్రభుత్వం నిర్ణయించిన యూనిట్ ధర మీద. ఆ ధర సాలుకు సాలుకు మధ్య దూరాన్ని బట్టి, విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. మీ బోరులో ఇసుక వస్తుందని హైడ్రోసైక్లోన్ ఫిల్టరు అడిగితే, గట్టు దాటించడానికి మెయిన్ పైపు ఇంకో వంద మీటర్లు కావాలంటే, యూనిట్ ధర దాటిన ప్రతి రూపాయీ రైతుదే. కాలువ తవ్వకం, పూడ్చడం కూడా రైతు నెత్తినే పడుతుంది. "పది శాతం కడితే చాలు" అని నమ్మి దిగినవాళ్లకు ఇక్కడే మొదటి దెబ్బ. పది శాతానికి పైన ఇంకొంత చేతిలో పెట్టుకునే దరఖాస్తు చేయండి.

దరఖాస్తు రైతు సేవా కేంద్రంలో. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి రికార్డు నకలు), బ్యాంకు పాసుపుస్తకం, అవసరమైతే కులధ్రువీకరణ. కంపెనీని రైతే ఎంచుకోవచ్చు. బ్రాండు పేరు కంటే, మీ మండలంలో ఆ కంపెనీ డీలరు దగ్గర పైపులను కలిపే గ్రోమెట్లు, టేకాఫ్‌లు, ఫిల్టరు సీళ్లు దొరుకుతాయా లేదా అన్నది చూడండి. మూడో ఏట అవసరపడేది అవే.

తర్వాత కంపెనీ మనిషి వచ్చి చేను కొలిచి ఎస్టిమేట్ వేస్తాడు. ఆయన రాకముందే మీ బోరు నీళ్లు మీరు కొలిచి పెట్టుకోండి. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, మోటారు వేసిన అరగంట తర్వాత అది నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 80 సెకన్లు పడితే గంటకు 9,000 లీటర్లు. వానాకాలం లెక్క పనికిరాదు, ఏప్రిల్, మే నెలల లెక్కే కావాలి.

ఇప్పుడు చేను లెక్క. ఐదడుగుల సాళ్లలో టమాటా పెట్టే ఎకరాకు సుమారు 2,650 మీటర్ల ల్యాటరల్ (సాలు వెంట పరిచే సన్న డ్రిప్పరు పైపు) పడుతుంది. 40 సెంటీమీటర్లకు ఒక డ్రిప్పరు చొప్పున 6,600 పైచిలుకు డ్రిప్పర్లు. గంటకు 2 లీటర్ల డ్రిప్పరైతే ఎకరానికి 13,000 లీటర్ల పైన కావాలి, 4 లీటర్లదైతే 26,000 దాటుతుంది. పైన చెప్పిన 9,000 లీటర్ల బోరుకు 2 లీటర్ల డ్రిప్పర్లతో చేను అరెకరం ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక వాల్వు పెట్టి వంతులవారీగా తెరిస్తే హాయిగా నడుస్తుంది. అదే బోరుకు 4 లీటర్ల డ్రిప్పర్లు వేసి అరెకరం వాల్వు పెడితే 13,000 లీటర్లు అడుగుతుంది. ప్రెషర్ పడిపోయి వాల్వు దగ్గర మొక్కలు తడుస్తాయి, కొన మొక్కలు ఎండుతాయి. చేలలో "డ్రిప్పు సరిగా పారదు" అని వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పైపు తప్పు కాదు, ఈ లెక్క తప్పు. ఎస్టిమేట్‌లో డ్రిప్పరు లీటర్లు, డ్రిప్పరు దూరం, వాల్వుల సంఖ్య ఈ మూడూ మీ బోరు లెక్కతో కలుస్తున్నాయో లేదో చూసి, కలవకపోతే అక్కడికక్కడే మార్పించండి. మంజూరు అయ్యాక మార్చడం చాలా కష్టం.

ల్యాటరల్ పొడవు కూడా అంతే. 16 ఎంఎం పైపుకు చదునైన చేలో 2 లీటర్ల డ్రిప్పరైతే 80, 90 మీటర్లు, 4 లీటర్లదైతే 50, 60 మీటర్లు దాటనివ్వకూడదు. వాలు ఉన్న చేలో ల్యాటరళ్లకు నీళ్లిచ్చే సబ్‌మెయిన్ వాలు వెంట దిగాలి, ల్యాటరళ్లు వాలుకు అడ్డంగా పోవాలి. ఎర్ర గరుసు నేలలో నీళ్లు పక్కలకు పాకవు, నేరుగా కిందికి దిగుతాయి. అందుకే అక్కడ డ్రిప్పర్లు దగ్గరగా, 30 నుంచి 40 సెంటీమీటర్లలో ఉండాలి, నీళ్లు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వదలాలి. తాడిపత్రి వైపు నల్లరేగడికి 60 సెంటీమీటర్లు సరిపోతుంది.

సామాను దిగిన రోజు చేయాల్సిన పని ఒక గంటది. ఇన్‌లైన్ ల్యాటరల్ మీద ఐఎస్ 13488 ముద్ర, కంపెనీ పేరు, సైజు, డ్రిప్పరు లీటర్లు, దూరం అచ్చేసి ఉంటాయి. ఎస్టిమేట్‌లో ఉన్నదీ పైపు మీద ఉన్నదీ ఒకటేనా అని చూడండి. కట్టలు లెక్కపెట్టి మీటర్లు కూడండి. కాలువ అడుగున్నర నుంచి రెండడుగుల లోతు లేకపోతే సబ్‌మెయిన్ పూడ్చనివ్వకండి, మొదటి ట్రాక్టరు దుక్కికే పగులుతుంది. అన్ని వాల్వులూ ఒక్కొక్కటిగా నడిపి, కొన వరకూ నీళ్లు చూశాకే ట్రయల్ రన్ కాగితం మీద సంతకం పెట్టండి. మీ చేతిలో ఉన్న బలం ఆ సంతకమే. అది పడ్డాక సబ్సిడీ డబ్బు కంపెనీకి పోతుంది, మీ ఫోన్లకు జవాబు ఆలస్యమవుతుంది.

కొన తడుస్తోందా లేదా కంటితో తేలదు. ఒక చిన్న కొలత గ్లాసు తీసుకుని ఒక్కో డ్రిప్పరు కింద మూడు నిమిషాలు పెట్టండి. 2 లీటర్ల డ్రిప్పరైతే 100 మిల్లీలీటర్లు పడాలి, 4 లీటర్లదైతే 200. వాల్వుకు దగ్గర ల్యాటరల్‌లో మొదటిది, చివరిది, దూరపు ల్యాటరల్‌లో మొదటిది, చివరిది కొలవండి. 100 రావలసిన చోట 90 లోపు పడితే ఎక్కడో తేడా ఉంది. సెట్టు కొత్తగా ఉన్నప్పుడే ఈ నాలుగు అంకెలు రాసి పెట్టుకుంటే, తర్వాత ప్రతి సీజనుకూ పోల్చుకోవచ్చు.

ఇక ఫిల్టరు. సెట్టు ఆయుష్షు ఇక్కడే తేలుతుంది. బోరుకు మామూలుగా ఇచ్చేది 120 మెష్ (అంగుళానికి 120 రంధ్రాల జాలీ) స్క్రీన్ ఫిల్టరు. లోపలి జాలీని కనీసం వారానికోసారి తీసి మెత్తటి బ్రష్షుతో కడగాలి. ఇనుప బ్రష్షు పెడితే జాలీ చిరుగుతుంది. జాలీ చుట్టూ ఉండే రబ్బరు సీలు వంకరపోయినా, ఎండకు గట్టిపడినా చెత్తనీళ్లు జాలీని తప్పించుకుని పక్కనుంచి వెళ్లిపోతాయి. పైకి ఫిల్టరు శుభ్రంగానే కనిపిస్తుంది, డ్రిప్పర్లు మాత్రం మూసుకుపోతుంటాయి. తోటల్లో ఫిల్టరు విప్పి చూస్తే సగం చోట్ల లోపం ఈ సీలే. ఫిల్టరుకు ముందూ వెనకా ప్రెషర్ గేజీలు ఉంటే రెంటి మధ్య తేడా అర కిలో దాటగానే కడగాలి. కొత్తలో ఇచ్చిన గేజీ పాడైతే మళ్లీ పెట్టించండి, చిన్న ఖర్చే.

హంద్రీ-నీవా కాలువ నీళ్లతో నిండే చెరువు నుంచో, ఫారం పాండ్ (చేలోని నీటి కుంట) నుంచో తోడేవాళ్లకు స్క్రీన్ ఒక్కటీ చాలదు, నాచు జాలీకి పట్టేస్తుంది. వాళ్లకు ఇసుక ఫిల్టరు ముందు, స్క్రీన్ లేదా డిస్క్ ఫిల్టరు తర్వాత ఉండాలి. ఇసుక ఫిల్టరుకు బ్యాక్‌వాష్ తిప్పినప్పుడు బయటికి వచ్చే నీళ్లు తేటబడే వరకూ ఆపకూడదు. ఇసుక వచ్చే బోరుకు హైడ్రోసైక్లోన్ కావాలి. ఎస్టిమేట్‌లో నీటి వనరు ఏదైనా ఒకటే ఫిల్టరు రాసుకుపోవడం ఈ పథకంలో నాకు కనిపించిన పెద్ద లోపం. నీళ్లు పరీక్ష చేయకుండా ఫిల్టరు నిర్ణయించడం కళ్లు పరీక్షించకుండా అద్దాలు ఇచ్చినట్టే.

ఫిల్టరు ఆపలేనిది సున్నం. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. డ్రిప్పరు మూతి దగ్గర తెల్లటి పొక్కు కనిపిస్తే అదే. దీనికి యాసిడ్ పట్టించాలి. బజారులో దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్ తెచ్చి, ముందు పది లీటర్ల బోరు నీటిలో కొంచెం కొంచెంగా కలుపుతూ పీహెచ్ (ఆమ్లత్వం కొలత) పేపరుతో చూడండి. 4కు దిగడానికి 10 మిల్లీలీటర్లు పట్టిందంటే లీటరుకు ఒక మిల్లీలీటరు. గంటకు 9,000 లీటర్ల బోరు పదిహేను నిమిషాల్లో 2,250 లీటర్లు తోడుతుంది కాబట్టి రెండుంపావు లీటర్ల యాసిడ్ కావాలి. దాన్ని ఆ పదిహేను నిమిషాల్లో వెంచురీ (ఎరువు, యాసిడ్ లాంటివి పైపులోకి లాగే పరికరం) లాగగలిగేంత నీటిలో కలపాలి. ఎప్పుడూ నీటిలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చివరి డ్రిప్పరు దగ్గర కూడా పేపరు రంగు మారాక మోటారు ఆపి ఒక రోజు అలాగే వదలాలి. మర్నాడు ముందు సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వు, తర్వాత ల్యాటరళ్ల ఎండ్ క్యాపులు ఐదారు చొప్పున తెరిచి తేటనీళ్లు వచ్చేదాకా వదలాలి. అన్నీ ఒకేసారి తెరిస్తే వేగం చాలక చెత్త కదలదు. నాచుకు బ్లీచింగ్ పౌడరు వాడేవాళ్లు దాన్నీ యాసిడ్‌నూ ఒకేరోజు వాడకూడదు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఎరువుల విషయంలో నియమం చిన్నది: పూర్తిగా కరిగేవే వెంచురీలోకి పోవాలి. యూరియా, తెల్ల పొటాష్, 19:19:19, 13:0:45 పోతాయి. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్, ఎర్ర పొటాష్ వద్దు. కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేటు, సల్ఫేటు ఎరువులతో కలిపితే తొట్టిలోనే పెరుగులా విరిగి డ్రిప్పర్లలో గడ్డకడుతుంది. ఎరువుకు ముందు పది నిమిషాలు, తర్వాత పదిహేను నిమిషాలు ఉత్త నీళ్లు పారించాలి. వెంచురీ లాగడం లేదంటే చాలాసార్లు అది పాడైందని కాదు, మధ్యలో గేట్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందని, దాన్ని కొంచెం మూస్తేనే అది లాగుతుంది.

చీనీ తోటవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా. నాటిన ఏడాది మొదలు పక్కన వేసిన ల్యాటరల్‌ను చెట్టు పెరిగాక కూడా అక్కడే ఉంచకండి. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బంక కారడం, వేరుకుళ్లు మొదలవుతాయి. చెట్టుకు రెండు వైపులా మీటరు దూరంలో రెండు లైన్లు ఉండాలి. లేత తోటకు వేసిన ఎస్టిమేట్‌లో రెండో లైను ఉండదు, అది ముందే రాయించుకోవాలి, లేదంటే నాలుగో ఏట సొంత డబ్బుతో వేయాలి.

ఉడుతలు, అడవి పందులు వేసవిలో ఎక్కువగా నీళ్ల కోసం పైపు కొరుకుతాయి. తోట అంచున రెండు మూడు తొట్లలో నీళ్లు పోసి ఉంచితే కొరకడం బాగా తగ్గుతుంది. జాయినర్లు ఎప్పుడూ ఒక సంచిలో ఉండాలి.

పథకం నియమాల్లో మారాల్సినవి ఉన్నాయి. ఒకసారి సబ్సిడీ తీసుకున్న భూమికి ఏడేళ్లు దాటితే గానీ మళ్లీ ఇవ్వరు. చీనీ, మామిడి తోటల్లో కదలకుండా పడుండే మందం పైపుకు ఈ గడువు న్యాయమే. టమాటా, కళింగర (పుచ్చ) చేలలో పంట పంటకూ చుట్టి, మళ్లీ పరిచే ల్యాటరల్‌కు న్యాయం కాదు, అది అంతకాలం నిలవదు. మెయిన్, సబ్‌మెయిన్, ఫిల్టరు బాగానే ఉంటాయి, ల్యాటరల్ మాత్రం పోతుంది. ల్యాటరల్ ఒక్కదానికే నాలుగో ఏట సబ్సిడీ ఇస్తే మొత్తం సెట్టు మళ్లీ ఇవ్వాల్సిన పని ఉండదు, ప్రభుత్వానికే ఖర్చు తగ్గుతుంది. ఈలోగా సొంతంగా కొనేవాళ్లకు కొంత ఊరట ఏమంటే 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రిప్పు పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటుతో కొటేషన్ ఇస్తే అడగండి.

నీళ్లు ఆదా అయ్యాయా అంటే చేలో అయ్యాయి, భూమిలో కాలేదు. అరెకరానికి చాలని బోరు ఎకరానికి సరిపోగానే పక్క ఎకరం కూడా తడిలోకి వస్తుంది. తొమ్మిది గంటల ఉచిత కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఆగదు. రైతును తప్పుపట్టడానికి లేదు, ఆ రెండో ఎకరమే అప్పు తీర్చేది. కానీ డ్రిప్పు ఇచ్చిన ఊళ్లో చెక్‌డ్యాములు, ఇంకుడు చెరువులు కూడా అదే పథకంలో కట్టకపోతే బోరు మట్టం దిగుతూనే ఉంటుంది.

అన్నిటికంటే బాధాకరమైనది కౌలు రైతు సంగతి. కౌలు భూమికి సబ్సిడీ రావాలంటే కేంద్రం నియమాల ప్రకారం కనీసం ఏడేళ్ల కౌలు ఒప్పందం చూపాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద మన రాష్ట్రం ఇచ్చే సాగు హక్కు పత్రం గడువు 11 నెలలు. ఈ రెండూ ఎక్కడా కలవవు. టమాటా, కళింగర వేసేవాళ్లలో కౌలుదార్లు చాలామంది, వాళ్లకు పథకం తలుపు మూసే ఉంది. కౌలు రైతు ప్రస్తుతం చేయగలిగింది ఒకటే: భూయజమాని పేరున దరఖాస్తు పెట్టించి, రైతు వాటా ఎవరు కట్టారో, కౌలు ముగిస్తే ల్యాటరళ్లు ఎవరివో స్టాంపు కాగితం మీద రాయించుకోవడం. మెయిన్, సబ్‌మెయిన్ భూమిలో ఉంటాయి కాబట్టి యజమానికే ఉండిపోతాయి. ల్యాటరళ్లు, వెంచురీ, ఫిల్టరు విడిగా తీయదగినవి, ఒప్పందంలో వాటి పేర్లు, మీటర్లతో సహా రాయండి.