కొల్లేరా, నాగార్జునకొండా? ఒక్క రోజులో వెళ్లి రావడానికి ఏది మేలు

నీళ్లు, పడవ, కాస్త చరిత్ర. ఈ మూడూ ఒకే రోజులో కావాలంటే బెజవాడ, గుంటూరు వాళ్లకు రెండు దారులున్నాయి. తూర్పున కైకలూరు మీదుగా కొల్లేరు, పడమట మాచర్ల దాటితే నాగార్జునసాగర్. భవానీ ద్వీపం సాయంత్రం షికారుకు చాలు, రోజంతటికీ చాలదు.

చరిత్ర కోసమే బయల్దేరితే సాగర్‌కు సాటి లేదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. నీళ్లు నిండకముందే 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, బౌద్ధ శిల్పాలతో పాటు కొన్ని కట్టడాలను రాయి రాయీ విప్పి నాగార్జునకొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పటి దీవి. మరికొన్నిటిని ఒడ్డున అనుపులో తిరిగి నిలబెట్టారు. మెట్ల వరుసల ప్రేక్షకశాల అక్కడే ఉంది.

చిక్కంతా లాంచీతోనే. ఆంధ్రా వైపు లాంచీ ఎక్కేది విజయపురి సౌత్‌లో, అంటే రైట్ బ్యాంకులో. మ్యాపులో ఉత్త 'నాగార్జునసాగర్' అని కొడితే అవతలి ఒడ్డున హిల్ కాలనీకి తీసుకుపోవచ్చు. పోను దాదాపు గంట, రాను గంట, దీవి మీద ఇంకో గంట. ఎదురుచూపులు కూడా కలుపుకుని నాలుగు గంటలు దీనికే కేటాయించాలి. గాలి లేచినా, సరిపడా జనం పోగవకపోయినా లాంచీ తీయరు. దీవి మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదింటికి కదిలితేనే పదిలోపు రేవు దగ్గర ఉంటారు. ముందు లాంచీ టికెట్టు, తర్వాత అనుపు, తిరుగు దారిలో ఎత్తిపోతల జలపాతం. ఈ వరస తప్పితే ఎక్కువగా పోయేది దీవే.

గేట్లు ఎత్తారని వినగానే ఆగస్టు, సెప్టెంబరుల్లో జనం ఎగబడతారు. 26 గేట్లూ ఎత్తితే ఆ దృశ్యం వేరు, కాదనను. కానీ వరద రోజుల్లో లాంచీలు ఆగే అవకాశమూ ఎక్కువే. గేట్లూ దీవీ ఒకే రోజు దక్కాలని పట్టుబట్టకండి. దీవికి నవంబరు, డిసెంబరు నయం.

కొల్లేటి లెక్క వేరు. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా కైకలూరు రెండు గంటలు, రైలూ ఉంది. పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. చెట్ల మీదా, ఇనప స్టాండ్ల మీదా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా, అదీ పొద్దున్నే వెళ్లాలి. పదకొండు దాటితే ఎండకు కళ్లు చికిలించుకోవడమే మిగులుతుంది. గూళ్ల దగ్గరికి పోనివ్వమని పడవవాళ్లను ఒత్తిడి చేయొద్దు. బెదిరిన తల్లిపక్షి లేస్తే పిల్లలు ఎండకు మాడతాయి. బైనాక్యులర్ ఉంటే ఆ అవసరమే రాదు.

ఇక్కడ చరిత్ర అంటే కొల్లేటికోట, పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణంలో జాతర, ఆ రోజుల్లో దారి ఇరుకు. శిల్పాలు ఆశించి వెళ్తే నిరాశే. వేసవిలో వెళ్తే సరస్సు కుంచించుకుపోయి చేపల చెరువుల గట్లే కనిపిస్తాయి. వానాకాలం మరీ కష్టం. 2024 సెప్టెంబరులో బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వాగు చివరికి చేరేది ఈ కొల్లేటికే. తమ్మిలేరు, రామిలేరు కూడా ఇందులోకే వస్తాయి. ఇంత నీరూ సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అందుకే నీళ్లు త్వరగా తీయవు, లంక ఊళ్ల రోడ్లు మునుగుతాయి.

చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు వెంట ఉంటే, నెల డిసెంబరైతే, బెజవాడ వాళ్లు రెండో ఆలోచన లేకుండా కొల్లేటికే వెళ్లండి, భోజనాల వేళకు ఇల్లు చేరొచ్చు. గుంటూరు వాళ్లయి, బౌద్ధ శిల్పాల మీద నిజంగా ఆసక్తి ఉంటే సాగర్‌కు వెళ్లండి, కాకపోతే బయల్దేరే ముందురోజు లాంచీ నడుస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.