దగ్గినా తుమ్మినా మూత్రం జారుతుంటే ఏది మేలు: ఫోన్‌లో చూసి కీగలా, ఫిజియోనా, ప్యాడా, ఆపరేషనా?

ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. దగ్గితే, తుమ్మితే, గట్టిగా నవ్వితే, పిల్లాణ్ని ఎత్తుకుంటే నాలుగు చుక్కలు జారిపోతున్నాయంటే, పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లి సరిగ్గా చూపించుకుని, అక్కడ నేర్చుకున్నది ఇంట్లో కనీసం మూడు నెలలు వదలకుండా చేయడం ఎక్కువమందికి మేలైన దారి. వీడియో చూసి సొంతంగా చేయడం కన్నా మేలు, ప్యాడ్ పెట్టుకుని ఏళ్లు నెట్టుకురావడం కన్నా చాలా మేలు, మొదటే ఆపరేషన్ దాకా పోవడం కన్నా కూడా మేలు. అయితే అందరికీ ఒకటే దారి కాదు. కొందరికి ఆపరేషనే సరైనది, కొందరైతే కీగల్ (ఆ కండరాలని బిగించి వదిలే వ్యాయామం) జోలికే పోకూడదు. అదీ చెబుతాను.

పెల్విక్ ఫ్లోర్ అంటే పొత్తికడుపు కింద ముందున్న ఎముక నుంచి వెనక వెన్ను చివరి ఎముక వరకు పరుచుకుని ఉండే కండరాలు. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం మూడింటికీ కింద ఆసరా అవే. నవారు మంచం అనుకోండి, నవారు బిగువుగా ఉన్నన్నాళ్లు మనిషి పైనే ఉంటాడు, వదులైతే నడుం నేలకి తగులుతుంది. కడుపుతో ఉన్నప్పుడు మోసే బరువు, కాన్పులో సాగడం, ఏళ్ల తరబడి మలబద్ధకంతో ముక్కడం, తగ్గని దగ్గు, ఒళ్లు పెరగడం, నెలసరి ఆగిపోయాక వచ్చే మార్పులు, అన్నీ దాన్ని వదులు చేసేవే. సిజేరియన్ అయినవాళ్లకి ఈ ఇబ్బంది రాదని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. మామూలు కాన్పుతో పోలిస్తే తక్కువ, అంతే. తొమ్మిది నెలల బరువు వాళ్లూ మోశారు కదా.

ఇక వీడియోల సంగతి. ఖర్చు లేదు, మా బెంగళూరు ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డు జంక్షన్ దాటాల్సిన పని లేదు, ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. అన్నీ నిజమే, అందుకే అందరూ అక్కడే మొదలుపెడతారు. కానీ అర్నాల్డ్ కీగల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు 1948లో ఈ వ్యాయామం గురించి రాసినప్పుడు చేత్తో పరీక్ష చేసి, లోపలి ఒత్తిడిని కొలిచే పెరినియోమీటర్ అనే పరికరంతో కండరం నిజంగా బిగుస్తోందో లేదో చూస్తూ నేర్పాడు. ఆ చూడటం అనేదే వీడియోలో ఉండదు. 1991లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో 47 మంది ఆడవాళ్లకి నోటితో కాసేపు వివరించి చేయమంటే, సరిగ్గా చేసినవాళ్లు దాదాపు సగం మందే. పావువంతు మంది చేసిన తీరు లీక్‌ని ఇంకా పెంచేలా ఉంది. పైకి లాగాల్సిన చోట కిందికి తోయడం చాలామంది చేసేదే, చేస్తున్నట్టు వాళ్లకి తెలియదు కూడా.

మా పిన్ని హిందూపురం నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు నేను తోడు వెళ్లాను. ఫిజియో అమ్మాయిది కోలారు వైపు, తెలుగు కన్నడం కలిపి మాట్లాడుతుంది. పిన్ని అప్పటికే ఫోన్‌లో చూసి చేస్తూ ఉండేది. "చేసి చూపించండమ్మా" అనగానే ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, పిరుదులు బిగించి, మొహం ఎర్రబడేదాకా అలాగే ఉండిపోయింది. ఆ అమ్మాయి పిన్ని చేతినే తీసి పొట్ట మీద పెట్టి, "ఇది మెత్తగా ఉండాలి, ఊపిరి ఆడుతూనే ఉండాలి, తొడలు కదలకూడదు, గ్యాస్ పోకుండా ఆపుకుంటాం చూడండి, అలా వెనక మొదలుపెట్టి ముందుకి, పైకి లాగండి" అంది. కాసేపు కుదర్లేదు. తర్వాత పిన్ని కళ్లు పెద్దవి చేసి "ఓ, ఇదా!" అంది. పక్కన నిలబడ్డ నాకు బయటికి ఏమీ కదిలినట్టు కనిపించలేదు. అలా ఏమీ కదలకపోతేనే సరిగ్గా చేస్తున్నట్టు అని ఆ అమ్మాయే చెప్పింది.

మొదటిసారి వెళ్తే ఏం చేస్తారో అన్న భయంతోనే చాలామంది ఆగిపోతారు కాబట్టి అదీ చెబుతాను. ముందు మాట్లాడతారు, చాలాసేపు. కాన్పులు ఎన్ని, కుట్లు పడ్డాయా, రోజుకి ఎన్నిసార్లు పాస్‌కి వెళ్తారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, విరేచనం ఎలా ఉంటుంది, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉందా. తర్వాత, మీరు ఒప్పుకుంటేనే, తలుపు వేసి, దుప్పటి కప్పి, గ్లవ్ వేసుకున్న ఒక వేలితో లోపల కండరం ఎంత బలంగా ఉందో, ఎంతసేపు పట్టి ఉంచగలదో, వదిలినప్పుడు పూర్తిగా వదులుతోందో లేదో చూస్తారు. వద్దంటే వద్దు, పైనుంచి చూసి కూడా చాలావరకు నేర్పగలరు. పెళ్లికానివాళ్లకి లోపలి పరీక్ష తప్పనిసరి అని ఎవరైనా పట్టుబడితే లేచి వచ్చేయండి.

తర్వాత పనంతా మనదే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, దగ్గితే తుమ్మితే వచ్చే లీక్‌కి మొదట ఇవ్వాల్సిన చికిత్సగా చెప్పేది ఇదే: దగ్గరుండి నేర్పే వ్యాయామం, కనీసం మూడు నెలలు, రోజుకి మూడు పూటలు, పూటకి కనీసం 8 సార్లు బిగించడం. 2018లో వైద్య పరిశోధనలని బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు అప్పటిదాకా జరిగిన పరిశోధనలు కలిపి చూస్తే, ఇలాంటి లీక్ ఉన్నవాళ్లలో వ్యాయామం చేసినవాళ్లు 56 శాతం మంది నయమైంది అన్నారు, చేయనివాళ్లలో ఆ మాట అన్నది 6 శాతమే. ఇంతమందికి పనిచేసే, సైడ్ ఎఫెక్ట్స్ అంటూ దాదాపు ఏమీ లేని చికిత్సని మన ఆడవాళ్లు అడగడానికి సిగ్గుపడి వదులుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇంకో చిన్న కిటుకు కూడా నేర్పుతారు, తుమ్ము వస్తోందని తెలిసిన క్షణంలోనే, తుమ్మడానికి ముందే కండరాన్ని బిగించడం. ఇది వంటబడితే బలం పూర్తిగా రాకముందే తేడా తెలుస్తుంది. పాస్ పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ ప్రాక్టీస్ చేయమని కొన్ని వీడియోల్లో చెబుతారు, అలా రోజూ చేయకూడదు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవ్వడం దెబ్బతింటుంది.

కీగల్ చేయకూడనివాళ్లు ఎవరంటే, కండరం వదులై కాదు, బిగుసుకుపోయి ఇబ్బంది పడుతున్నవాళ్లు. కలయికలో నొప్పి, ట్యాంపన్ గానీ మెన్‌స్ట్రువల్ కప్ గానీ పెట్టుకోలేకపోవడం, మూత్రం మొదలవడానికే చాలాసేపు పట్టడం, పొత్తికడుపులో ఎప్పుడూ లాగుతున్నట్టు నొప్పి, ఇలాంటివి ఉంటే ముందు వదలడం నేర్చుకోవాలి. నెమ్మదిగా పొట్ట నిండా ఊపిరి తీసుకోవడం, కండరాన్ని సాగదీయడం, అవసరమైతే డైలేటర్లు, అంటే లోపలి దారిని మెల్లగా అలవాటు చేసే నున్నటి గొట్టాల్లాంటివి. ఇలాంటివాళ్లు వీడియో చూసి రోజూ బిగిస్తూ పోతే నొప్పి పెరుగుతుంది. పెళ్లై ఏళ్లు గడిచినా ఎవరికీ చెప్పుకోలేక, "పిల్లలెప్పుడు" అన్న ప్రశ్నకి జవాబు చెప్పలేక కుమిలిపోయే అమ్మాయిలు ఉన్నారు. అమ్మా, ఇది మీ మనసులో లోపం కాదు, చికిత్స ఉంది, ఫిజియోతోనే చాలామందికి తగ్గుతుంది. ఈ ఒక్క కారణం చాలు, ఎవరైనా సరే ఒక్కసారైనా మనిషికి చూపించుకోవాలి అనడానికి.

ఆగలేనంత అర్జెంటుగా వచ్చి బాత్రూమ్ చేరేలోపే జారిపోయే రకం వేరు. అందులో కండరంతో పాటు మూత్రాశయానికి కూడా అలవాటు మార్చాలి, వెళ్లే మధ్య సమయాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి, కనీసం ఆరు వారాలు. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామని పొద్దున్నుంచి నీళ్లు మానేసి, ఫిల్టర్ కాఫీ మాత్రం తాగి క్యాబ్ ఎక్కేవాళ్లు నాకు ఎంతమందో తెలుసు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా మండిస్తుంది, కాఫీ అర్జెంటుని పెంచుతుంది. మానాల్సింది నీళ్లు కాదు, ఆ రెండో గ్లాసు కాఫీ.

ఈ మధ్య ప్యాకేజీల పేరుతో మెషీన్లు చూపించి డబ్బు కట్టించుకునే చోట్లు కూడా కనిపిస్తున్నాయి. స్క్రీన్ మీద గీతలు చూపించే బయోఫీడ్‌బ్యాక్ గురించి బ్రిటన్‌లో 600 మంది మీద పరిశోధన చేసి 2020లో ప్రచురించారు. మంచి వ్యాయామ శిక్షణకి దాన్ని కలిపినా రెండేళ్లకి అదనంగా వచ్చిన లాభం ఏమీ కనిపించలేదు. కండరాన్ని అసలు కదిలించలేనివాళ్లకి కరెంట్ స్టిమ్యులేషన్ కొంతకాలం పనికొస్తుంది. అది ఫిజియో చెప్పాలి, రిసెప్షన్‌లో కాదు.

ప్యాడ్‌ని నేను తప్పుపట్టను. ప్రయాణానికి, పెళ్లికి, ఆఫీసులో మీటింగుకి అది ధైర్యం. అయితే నెలసరి ప్యాడ్ మూత్రం కోసం చేసింది కాదు, తడి చర్మానికి తగులుతూ ఒరుసుకుపోతుంది, దీనికోసం వేరేగా దొరికేవి కొనండి. రోజుకి రెండు వాడితే ఏడాదికి 730. ఆ ఖర్చు పెడుతున్న ఏడాదిలో కండరం బలం ఒక్క పిసరు పెరగదు.

ఆపరేషన్ గురించి మాత్రం నిజాయితీగా మాట్లాడాలి. ఫిజియోని మెచ్చుకునేవాళ్లు చాలామంది ఈ భాగం దాటేస్తారు. 2013లో నెదర్లాండ్స్‌లో, దగ్గితే తుమ్మితే వచ్చే లీక్ ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్న 460 మందిని రెండుగా విడదీసి ఒకరికి ఫిజియో, ఇంకొకరికి స్లింగ్ ఆపరేషన్ (మూత్రం వచ్చే గొట్టం కింద ఆసరాగా పట్టీ వేయడం) ఇచ్చి ఏడాది తర్వాత అడిగారు. బాగుపడ్డాం అన్నవాళ్లు ఆపరేషన్ వైపు దాదాపు 91 శాతం, ఫిజియో వైపు 64 శాతం. ఫిజియోతో మొదలుపెట్టినవాళ్లలో సగం మంది తర్వాత ఆపరేషన్‌కి మారారు. అంటే తీవ్రంగా ఉన్నవాళ్లు మూడు నెలలు మనస్ఫూర్తిగా చేసినా తగ్గకపోతే, ఆపరేషన్ అడగడానికి వెనకాడక్కర్లేదు. మరి మొదటే ఎందుకు వద్దంటున్నాను? అదే లెక్కని ఇటు నుంచి చూడండి, మిగతా సగం మందికి కత్తి అవసరమే రాలేదు. పైగా స్లింగ్‌లో పెట్టే మెష్ (వల లాంటి పట్టీ) వల్ల కొందరికి వచ్చిన నొప్పులు, ఇబ్బందులు చూసి ఇంగ్లండ్‌లో 2018 జులైలో ఆ వాడకాన్నే ఆపి సమీక్షించారు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకైతే సాధారణంగా డాక్టర్లే ఆగమంటారు.

గర్భసంచి తీయించుకోవడాన్ని దీంతో కలపకండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మన ఊళ్లలో "తీసేస్తే పోతుంది" అన్న మాట ఎంత తేలిగ్గా వస్తుందో ఆ అంకె చెబుతుంది. మూత్రం లీక్‌కి అది చికిత్స కాదు. గర్భసంచి జారినట్టు అనిపించినా, కొంచెమే జారితే వ్యాయామం, పెస్సరీ అనే సిలికాన్ రింగు పనిచేస్తాయి, బయటికి వచ్చేసిందంటే అప్పుడు ఆపరేషన్ మాట.

మూత్రంలో రక్తం, మంటతో జ్వరం ఉంటే ఫిజియో కాదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నడుం నొప్పితో పాటు మర్మాంగాల దగ్గర తిమ్మిరెక్కి ఉన్నట్టుండి ఆపుకోలేకపోతే ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మంట లేకపోయినా లీక్ కొత్తగా మొదలైందంటే ఒక యూరిన్ టెస్ట్, షుగర్ టెస్ట్ చేయించి వెళ్లడం మంచిది.

బాలింతలకి ఒక మాట. పుట్టింట్లో అమ్మ నడుంకి గుడ్డ కడుతుంది, పథ్యం పెడుతుంది, ఆ ఆదరణ ఎక్కడా దొరకదు. కానీ గుడ్డ పొట్టకి ఆసరా, కింది కండరాలకి కాదు. బిడ్డని తీసుకుని బెంగళూరు తిరిగి వచ్చాక, ఆరు వారాల చెకప్ అయిపోయిందనగానే ఫిజియో అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. కడుపుతో ఉన్నప్పుడే నేర్చుకుంటే ఇంకా మంచిది.

బెంగళూరులో ఈ పని తెలిసిన ఫిజియోలు పెద్ద ప్రసూతి ఆసుపత్రుల్లోనూ విడి క్లినిక్‌లలోనూ ఉన్నారు, మీ గైనకాలజిస్టునే అడగొచ్చు. ఫోన్‌లోనే ఇవి అడిగేయండి: ఎం.పి.టి. (ఫిజియోథెరపీలో పీజీ) చేశారా, ఆడవాళ్ల ఆరోగ్యంలో శిక్షణ ఉందా, కండరాన్ని పరీక్షించి నేర్పుతారా లేక కాగితం ఇచ్చి పంపేస్తారా, ఒక్కో సెషన్‌కి కట్టొచ్చా లేక ప్యాకేజీ తీసుకోవాలా, తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారా. అమ్మనో అత్తయ్యనో తీసుకెళ్తుంటే ఆ చివరిది ముఖ్యం, ఇలాంటి విషయం రాని భాషలో వాళ్లు చెప్పలేరు, కొడుకుని పక్కన పెట్టుకుని అసలే చెప్పరు, కాబట్టి కూతురో కోడలో వెళ్లండి. అపాయింట్‌మెంట్‌కి ముందు ఏవైనా మూడు రోజులు ఎన్ని గంటలకి ఏం తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు జారింది అని ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, మొదటి రోజే అసలు పని మొదలవుతుంది.